ఇన్షిరాహ్ బీపీ పీపా

ఇన్షిరాహ్ ముక్కు మీద మా ఊరు నబరోహ్‌లో అందరికీ నమ్మకం. పీపా మూత తీసి, వంగి, కళ్లు మూసుకొని ఒక్కసారి గాలి పీల్చి "ఇంకా కాలేదు" అందంటే ఇక ఆ చేప కోసం బతిమాలి లాభం లేదు. "అయింది" అందంటే ఆ పూటే కొట్టు ముందు జనం. చేపను కోసి చూడదు, నోట్లో వేసుకోదు. అసలు ఆమె ఫిసీఖ్, అంటే ఆ ఊరిన ఉప్పుచేప, తినదు. పుట్టినప్పటి నుంచి ఉప్పుచేపల మధ్యే బతికినదానికి ఆ రుచి మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. రొట్టె, జున్ను, నాలుగు ఆలివ్ కాయలు, అదీ ఆమె భోజనం.

ఆ పని తండ్రి నుంచి వచ్చింది. బూరీ చేపల్ని ఉబ్బేదాకా ఆరబెట్టడం, మొప్పల్లో ఉప్పు కూరడం, పీపాలో పొర మీద పొర పేర్చి గాలి చొరకుండా బిగించడం, ఇదంతా కొడుక్కి నేర్పాలని ఆయన నానా పాట్లూ పడ్డాడు. కొడుకు ఆ కంపు పడలేక అలెగ్జాండ్రియా పారిపోయి అత్తరు దుకాణంలో చేరాడు. పోతే పోయాడు, కూతురుందిగా అనుకున్నాడు తండ్రి. ఊళ్లోవాళ్లు నవ్వారు. ఆడపిల్ల చేతికి ఆ వాసన పట్టుకుంటే ఎవడు చేసుకుంటాడని బెంగ కూడా పడ్డారు, వాళ్ల సొమ్మేదో పోయినట్టు.

చేసుకున్నవాడు మెత్వల్లి, బస్సు డ్రైవరు. చిన్నప్పుడేదో జ్వరం వచ్చి అతని ముక్కు పని చెయ్యడం మానేసింది. గులాబీ అయినా మురిక్కాలువ అయినా అతనికి ఒకటే. పిల్లని చూడ్డానికి వచ్చినవాడు హాయిగా పీపాల మధ్యే కూర్చొని రెండు గ్లాసులు టీ తాగాడు. అది చూసి కాబోయే మామగారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వాసన తెలియకపోయినా మెత్వల్లి నాలుకకి ఉప్పు, పులుపు బాగా తెలిసేవి. అందుకని ముక్కు ఆమెది, నాలుక అతనిది అన్నట్టుగా కాపురమూ వ్యాపారమూ నడిచాయి. తండ్రి పెట్టిన ఆచారం ఒకటి ఇద్దరూ తప్పలేదు. పీపా తెరిస్తే మొదటి చేప ఇంటివాళ్లు తినాలి, ఆ తర్వాతే ఊరికి అమ్మాలి. ఆ చేప ఎప్పుడూ మెత్వల్లిదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ ఏడాది మా ఊరికి బీపీ పట్టుకుంది. అంతకుముందూ ఉండే ఉంటుంది, కానీ ఆ చలికాలం కొత్త డాక్టరొకడు జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టే యంత్రం ఒకటి పట్టుకొచ్చి, దొరికినవాళ్లకల్లా కొలిచి పారేశాడు. నీకు ఉప్పు వద్దు, నీకూ వద్దు, నీకు అసలే వద్దు అన్నాడు. వసంతం వస్తోంది, షమ్ ఎన్నసీమ్ పండగ వస్తోంది, ఆ రోజు ఫిసీఖ్ తినకపోతే ఏడాదంతా ఏం కలిసొస్తుంది? పెద్దవాళ్లంతా ఒక్కొక్కరే కొట్టుకి వచ్చి గొణగడం మొదలెట్టారు.

"ఉప్పు కాస్త తగ్గించి ఒక చేప ఊరబెట్టవే తల్లీ. చచ్చేలోపు ఒక్క ముక్క" అన్నాడు మసీదులో అజాన్ ఇచ్చే షేఖ్ బదవీ.

"నాకు బీపీ గీపీ ఏం లేదు. ఊరికే, మెత్తగా ఉంటుందని అడుగుతున్నా" అంది బడి హెడ్మాస్టరమ్మ తఫీదా. ఆమెకి బీపీ అని ఊరంతటికీ తెలుసు, ఆమెకి తప్ప.

ఇన్షిరాహ్ మెత్తబడింది. జాలి కొంత, గర్వం కొంత. ఎదురు చేపల కొట్టు హాజీ షలబీ వల్ల కానిది తన వల్ల అవుతుందని చూపించాలని కూడా ఉంది. ఆ షలబీ ఆమె చేపల్ని పిల్లులు కూడా ముట్టవని ముప్పై ఏళ్లుగా ప్రచారం చేస్తున్నవాడు. అందుకని ఒక పీపాకి సగం ఉప్పే వేసి, మూత బిగించి, మూల పెట్టింది. మెత్వల్లి దానికి బీపీ పీపా అని పేరు పెట్టాడు.

పండగ సోమవారం. శనివారం సాయంత్రం ఆ పీపా మూత తీసింది. వంగి పీల్చింది. ఆమె మాటల్లోనే చెప్పాలంటే, తండ్రి ఉన్నప్పుడు కూడా అంత చక్కని వాసన రాలేదు. మెత్వల్లి ఆనవాయితీగా మొదటి చేప తిన్నాడు. "ఉప్పు చాల్లేదే" అన్నాడు. "చాలకూడదనే కదా చేసింది" అంది ఆమె. ఆదివారం చీకటి పడేసరికి పీపా ఖాళీ. పొట్లాలు ఇళ్లకి చేరి అటకలెక్కాయి. సోమవారం కాలువ గట్టు మీద చాప పరిచి కూర్చునేదాకా పొట్లం విప్పకపోవడం మా ఊరి మర్యాద. ఆ మర్యాదే లేకపోతే ఈ కథ ఏడుస్తూ చెప్పాల్సి వచ్చేది.

సోమవారం పొద్దున ఇన్షిరాహ్ గుడ్లకి రంగులేస్తోంది. కూతురు ఇబ్తిహాల్ పండక్కి మన్సూరా నుంచి వచ్చింది. అక్కడి పెద్దాసుపత్రిలో సూక్ష్మజీవుల్ని పెంచి పరీక్షించే విభాగంలో డాక్టరమ్మ. తండ్రి మాత్రం ఆమెను పురుగుల డాక్టరనే పిలుస్తాడు. మెత్వల్లి గదిలోంచి గోడ పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇన్షిరా, ఇవాళ నువ్వు ఇద్దరున్నావేంటి?" అన్నాడు.

"ఒక్కదాన్నే. భరించడానికి అదే ఎక్కువ అంటావుగా రోజూ."

"కాదే, నిజంగానే ఇద్దరు. పక్కపక్కనే. ఇద్దరూ నా మీదే చిరాకు పడుతున్నారు."

ఆమె నవ్వింది. అతనూ నవ్వబోయాడు కానీ ముఖం సహకరించలేదు. టీ గ్లాసు అందుకొని ఒక గుటక వేశాడు. గొంతులోకి పోవాల్సిన టీ ముక్కులోంచి బయటికి వచ్చింది. ఇబ్తిహాల్ చేతిలో ఉల్లికాడలు కింద పడేసి తండ్రి దగ్గరికి పరిగెత్తింది. గడ్డం పట్టుకొని ముఖం వెలుగు వైపు తిప్పింది. రెప్పలు రెండూ సగానికి వాలి ఉన్నాయి. నాన్నా రెప్పలెత్తు అంది. ఎత్తలేకపోయాడు. జ్వరం లేదు. మతి పూర్తిగా ఉంది. మాట మాత్రం నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు వస్తోంది.

"శనివారం ఏం తిన్నాడమ్మా?"

ఇన్షిరాహ్ రంగు గిన్నె పక్కకి నెట్టింది. "మొదటి చేప. బీపీ పీపాలోది. కానీ నేను వాసన చూశానే. బంగారంలా ఉంది."

"చేపలో పురుగు చేసే విషానికి వాసన ఉండదు."

ఈ ఒక్క మాట ఆమె చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. నలభై ఏళ్లుగా ఆ ముక్కుని నమ్ముకొని బతికింది. వాసన లేని చెడు కూడా ఉంటుందంటే ఎట్లా నమ్ముతుంది? పక్కింటివాళ్లని కారు తెమ్మని ఇబ్తిహాల్ కిటికీలోంచి కేక వేసింది. మందుల కొట్టుకి పోయి అక్కడి ఫోన్లో ఆసుపత్రికి మాట్లాడి వచ్చింది. కారు వచ్చేలోపు తండ్రిని పక్కకి తిప్పి పడుకోబెడుతూ, తల్లి ప్రశ్నలకి గబగబా జవాబులు చెప్పింది.

"నేను శుభ్రంగానే చేశాను కదే. పురుగెక్కణ్ణుంచి వచ్చింది?"

"ఎక్కణ్ణుంచో రాలేదమ్మా. బురదలో ఉంటుంది, చేప పేగులో ఉంటుంది, విత్తనంలా నిద్రపోతూ. గాలి లేని చోటు దొరికితే లేస్తుంది. పీపాలో గాలెక్కడుంది? దాన్ని లేవనియ్యకుండా ఇన్నాళ్లూ అణిచిపెట్టింది ఉప్పే. నువ్వు కాపలావాళ్లలో సగంమందిని ఇంటికి పంపేశావు."

"ఉప్పు రుచికనుకున్నానే."

"పురుగు కూడా మనిషినేం చెయ్యదు. అది విడిచిన విషమే చేస్తుంది. ఆ విషం రెండు ముక్కలు. దొంగలిద్దరు తోడు పోయినట్టు. పెద్ద ముక్కకి తలుపు తీయించడం ఒక్కటే వచ్చు. నరం చివర పట్టుకొని వేలాడి లోపలికి దూరుతుంది. చిన్న ముక్క కత్తెర. దానంతట అది లోపలికి పోలేదు. పెద్దది మోసుకెళ్లి లోపల వదిలాక కట్టు విడిపోతుంది, ఇక కత్తెర పని మొదలెడుతుంది."

"ఏం కోస్తుంది? నరాన్నా?"

"నరం బాగానే ఉంటుంది. కండ కూడా బాగానే ఉంటుంది. రెప్పెత్తు, మింగు, ఊపిరి తీయి అని నరం కండకి కబురు పంపుతుంది చూడు, ఆ కబురు మూటలు బయటపడేందుకు కొక్కేలుంటాయి. కత్తెర వాటిని కోస్తుంది. నరం అరుస్తూనే ఉంటుంది, కండకి వినపడదు. ముందు కళ్లు, తర్వాత గొంతు, తర్వాత ఊపిరి."

ఊపిరి అనే మాట దగ్గర ఇన్షిరాహ్‌కి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. భర్త ఒక్కడి సంగతి కాదు. ఊళ్లో బీపీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ పొట్లం అటక మీద ఉంది. ఇంకాసేపట్లో అందరూ గట్టు మీదికి చేరతారు.

కారు వాకిట్లోకి వచ్చింది. మెత్వల్లిని మోసుకెళ్లి వెనక సీట్లో పడుకోబెట్టారు. ఇబ్తిహాల్ తల దగ్గర కూర్చుంది. ఇన్షిరాహ్ ఒక కాలు కార్లో పెట్టి, ఒక కాలు నేల మీద ఉంచి అట్లాగే నిలబడిపోయింది. ఎక్కితే ఊరేమవుతుందో. ఎక్కకపోతే ఇతని ముఖం మళ్లీ చూస్తుందో లేదో. మెత్వల్లి వాలిన రెప్పల కిందనుంచే ఆమెను చూశాడు. వేళ్లు రెండు ఎత్తాడు.

"ఇద్దరున్నారుగా" అన్నాడు ముద్దముద్దగా. "ఒకత్తె నాతో రండి. ఒకత్తె పోయి చేపలు తీసుకురండి."

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. కారు పోయింది.

చేతిఫోన్లు రాని రోజులవి. ఊరంతటికీ ఒక్క మాట చేరాలంటే మసీదు మైకే దిక్కు. తప్పిపోయిన పిల్లలు, పోయిన గేదెలు, చావు కబుర్లు, అన్నీ అందులోనే. ఇన్షిరాహ్ కొంగు బిగించి పరిగెత్తింది. ఆ వయసులో ఆ ఒళ్లుతో ఆమె పరిగెత్తడం చూసి దారిలో వాళ్లంతా నిప్పంటుకుందేమో అనుకొని ఆమె వెంట పడ్డారు.

షేఖ్ బదవీ కొత్త గలాబియా, ఆ పొడుగు అంగీ, తొడుక్కొని గట్టుకి బయల్దేరుతున్నాడు. చంకలో పొట్లం. ఆమె ముందు ఆ పొట్లం లాక్కొని, తర్వాత ఊపిరి పీల్చుకొని విషయం చెప్పింది. ఆయన మైకు వైపు నడిచాడు.

"మైకులో ఏమని చెప్పమంటావమ్మా? ఏదో పీపా తేడా చేసిందని చెప్పనా? నీ పేరెందుకు, పరువు బజారున పడుతుంది."

"నా పేరే చెప్పండి. నా పేరు చెప్పకపోతే షలబీ చేపలనుకుంటారు. పాపం ఆయనకెందుకు అంటించాలి? బీపీ పీపా అని చెప్పండి. బీపీ ఉన్నవాళ్లంతా తిరిగిచ్చెయ్యాలని చెప్పండి."

"మరి బీపీ ఉన్న సంగతి నలుగురికీ తెలిసిపోతుందే."

"మీ పేరుతో మొదలెట్టండి షేఖ్ గారూ. మిగతావాళ్లకి సిగ్గు పోతుంది."

షేఖ్ బదవీ మైకు ముందు గొంతు సవరించుకొని మొదలెట్టాడు. ఆ ప్రకటన మా ఊళ్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. "ప్రజలారా, నాకు బీపీ ఉంది. బీపీ వల్ల ఇన్షిరాహ్ కొట్లో ఉప్పు తక్కువ చేప కొన్నాను. ఆ చేపలో విషముంది. వాసన చూడకండి, వాసన రాదు. రుచి చూడకండి, రుచిలో తెలియదు. నిమ్మకాయకి చావదు, ఉల్లిపాయకి చావదు. పొట్లం విప్పకుండా కొట్టు దగ్గరికి తెచ్చెయ్యండి." ఊపిరి తీసుకొని, ఆమె ఒక్కొక్క పేరూ అందిస్తుంటే ఒక్కొక్కటే చదివాడు. తఫీదా హెడ్మాస్టరమ్మ గారూ అన్నప్పుడు ఆమె గట్టు మీద పిల్లల మధ్య కూర్చొని ఉంది. ఆమె తర్వాత వారం రోజులు షేఖ్‌తో మాట్లాడలేదు.

కొట్టు ముందు తిరునాళ్లయింది. ఒకరు తిట్టుకుంటూ, ఒకరు నవ్వుకుంటూ, ఒకరు వణుకుతూ పొట్లాలు తెచ్చారు. కైరోలో ఎక్కువ రేటు పలికిందా, అందుకే వెనక్కి లాక్కుంటున్నావా అని ఒక పెద్దాయన ఎగతాళి చేశాడు. వేయించుకు తింటే పోతుందంటారు కదా అని ఒకావిడ బేరానికి దిగింది.

"బాగా వేడి చేస్తే విషం చస్తుందనే అంటారు. నీ పొయ్యి ఎంత వేడెక్కిందో నువ్వు నాలుకతో చూసి చెప్తావా? ఇట్లా తే" అంది ఇన్షిరాహ్. ఆమె కోపం చూసి ఆ ఆవిడ పొట్లం చేతిలో పెట్టేసింది.

వచ్చిన ప్రతి చేపనీ ఆమె మళ్లీ అదే పీపాలో పేర్చసాగింది. తోకా తలా, తోకా తలా, పొర మీద పొర, మొదట ఎట్లా పేర్చిందో అట్లాగే. చదువుకున్నవాళ్లయితే లెక్క రాసుకునేవారు. ఆమె చేతులకి ఆ పీపా ఎంతవరకు నిండాలో తెలుసు. పొరలు పైకొస్తున్నకొద్దీ ఆమె ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఆఖరి పొర కూడా దాదాపు నిండింది. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. మెత్వల్లి తిన్న చేపకి ఒక సందు ఉండాలి, అది ఉంది. దాని పక్కన ఇంకో సందు కూడా ఉంది.

ఎవరు? చదివిన పేర్లవాళ్లంతా వచ్చేశారు. కళ్లు మూసుకొని ఆదివారమంతా మళ్లీ తలుచుకుంది. చీకటి పడేవేళ ముఖమంతా కప్పుకొని వచ్చిన మనిషి గుర్తొచ్చింది. నోరు విప్పలేదు. పీపా వైపు వేలు చూపించి, చేప తీసుకొని వెళ్లిపోయింది. షేఖ్ మళ్లీ మైకెక్కాడు. ముసుగు వేసుకొని కొన్న సోదరీ, నువ్వెవరైనా సరే, ఆ చేప తినకు అని అరిచాడు. బజారంతా గట్టు వైపు చూస్తూ నిలబడింది. ఎవరూ రాలేదు. ఇన్షిరాహ్ పీపా అంచు వదిలింది. గట్టంతా తిరిగి ఒక్కొక్క చాపా ఎత్తి చూడాలని కదలబోయింది.

అప్పుడు సందు మలుపులో హాజీ షలబీ కనిపించాడు. చెప్పుల్లేవు. గలాబియా మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకొని పరిగెత్తుతున్నాడు. రెండో చేతిలో విప్పిన పొట్లం, దాన్నుంచి నిమ్మరసం కారుతోంది. వచ్చి పొట్లం పీపా మీద పెట్టి, వంగి ఆయాసపడ్డాడు.

"నవ్వండి" అన్నాడు జనంతో. "నవ్వాల్సినవాళ్లంతా ముందే నవ్వేయండి. మా ఆవిడకి ముసుగేసి పంపింది నేనే. ఉప్పు తగ్గించి చేపని ఎట్లా నిలబెట్టిందో కనుక్కుందామని."

"కనుక్కున్నారుగా హాజీ. నిలబెట్టలేదు" అంది ఇన్షిరాహ్. "తిన్నారా ఎవరైనా?"

"మనవరాలి చేతిలో ముక్క ఉంది. నోట్లో పెట్టుకోబోతోంది. మొదటిసారి గట్టు మీది గోలలో మైకు పట్టించుకోలేదు, రెండోసారి ముసుగు మాట విని కొట్టి పడేశా. దాని చేతులు కడుగుతూ కూర్చుంది మా ఆవిడ." ముప్పై ఏళ్లు పిల్లుల కథ చెప్పినవాడు ఊరందరి ముందు కళ్లు తుడుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆఖరి చేపని ఆమె ఖాళీలో పెట్టింది. ఇక ఒక్క సందే మిగిలింది. సున్నం, బ్లీచింగ్ పొడి నిండా పోసి మూత బిగించి, దాన్ని పూడ్చే పని షేఖ్‌కి అప్పజెప్పింది. హాజీ షలబీ తన పికప్ బండి తెచ్చి ఆమె ముందు ఆపాడు. "ఎక్కు చెల్లెమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ పిలుపు వినడం అదే మొదటిసారి.

మన్సూరా చేరేసరికి మెత్వల్లికి గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం ఎక్కించేశారు. ఊపిరి యంత్రం తీసుకుంటోంది. తిరుగుతున్న విషాన్ని సీరం పట్టేస్తుందని, తలుపు తీయించే ఆ పెద్ద ముక్కని కదలనియ్యదని ఇబ్తిహాల్ చెప్పింది. లోపలికి పోయిన కత్తెరల్ని మాత్రం అది ఏం చెయ్యలేదు. వాటి పని అయ్యాక నరాలు కొత్త కొసలు వేసుకోవాలి. వారాలు పట్టవచ్చు. సమయానికే తెచ్చామమ్మా అంది. అంటూనే యంత్రం మీది అంకెలు మళ్లీ చూసుకుంది.

ఇన్షిరాహ్ రోజూ పొద్దున్నే వచ్చేది. అతని చెయ్యి తన అరచేతిలో పెట్టుకొని "ఎంతమందిమి?" అని అడిగేది. అతని వేలు రెండుసార్లు నొక్కేది. ఆ నొక్కుడు కూడా కొన్నాళ్లు తెలిసీ తెలియనట్టుండేది. ఆ రోజుల్లో ఆమె ఇంటికి పోయి గోడ వైపు తిరిగి పడుకునేది. తన ముక్కు మీద తనకి అసహ్యం వేసేది. ఇంత పెద్ద మోసాన్ని పసిగట్టలేనిది ఎందుకని. కొట్టు తెరవలేదు. తెరిస్తే సగం ఉప్పు పీపా ఇంకెప్పుడూ ఉండదని, ఎవరి బీపీ ఎంతైనా సరేనని, వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

ఒక పొద్దున ఆమె వెళ్లేసరికి గొట్టాలు తీసేసి ఉన్నాయి. దిండుకి ఆనుకొని కూర్చున్నాడు. రెప్పలు పైకి లేచాయి. ఇబ్తిహాల్ పక్కన నిలబడి, మొదటిసారిగా ఒక చెంచాడు టీ అతని నోట్లో పోసింది.

"ఎంతమందిమి?" అంది ఇన్షిరాహ్ గుమ్మంలోంచే.

మెత్వల్లి టీ నోట్లోనే ఉంచుకొని చాలాసేపు చూశాడు. ఒక వేలు ఎత్తాడు. తర్వాత చెయ్యి కిటికీ వైపు, ఊరున్న దిక్కుకి చూపించి, వేళ్లు చేపలా ఆడించి కనుబొమలు ఎగరేశాడు. రెండో ఆవిడ చేపలన్నీ తెచ్చిందా అని అడుగుతున్నాడు.

ఇన్నాళ్లూ ఏడవనిది అప్పుడు ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకొని దగ్గరికి వచ్చింది.

"తెచ్చింది. అన్నీ వచ్చాయి, నువ్వు మింగింది తప్ప."

మెత్వల్లికి నవ్వొచ్చింది. నోట్లో ఉన్న టీ ముక్కులోంచి రాలేదు, గొంతులోకే దిగింది.